పిండిమర తాత దగ్గుమందు

జీవితమంతా పిండిమర దగ్గరే గడిపిన మనిషికి చెవులేం మిగులుతాయి? తాతకీ మిగల్లేదు. మర హోరులో జనం అరిచేది వినబడక, పెదాలు చూసి తల ఊపేయడం అలవాటైపోయింది. మెత్తగానా, బరకగానా అన్నంతవరకు ఆ ఊపుతో బండి బాగానే నడిచింది. పిండి పీల్చి పీల్చి పట్టిన దగ్గు మాత్రం ఆయన ప్రాణం తోడేసింది. పక్కటెముకలు పట్టేసేవి, కంటి మీద కునుకుండేది కాదు.

కూతురి పోరు పడలేక చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు రాసిన దగ్గుమందు సీసా ఇస్తూ మందుల షాపావిడ, పాపం, నోరు నొప్పెట్టేలా చెప్పింది. మత్తుగా ఉంటుంది, మర ముట్టుకోవద్దంది. మలబద్ధకం చేస్తుందంది. తాగుడూ నిద్రమాత్రలూ దీంతో కలిపితే ప్రాణం మీదికొస్తుందంది. ఎక్కువరోజులు వాడితే అలవాటైపోతుందంది. పిల్లలకు చుక్క కూడా పట్టొద్దు, ఊపిరి మందగిస్తుందంది.

"అర్థమైందా తాతగారూ?"

"ఆఁ, ఆఁ" అని తల ఊపాడు. ఆయన చెవిన పడింది రోజుకెన్నిసార్లు తాగాలో అదొక్కటే.

మందు పనిచేసింది. తల దిమ్ముగా ఉన్నా, కడుపు బిగదీసినా, ఎన్నాళ్లకో ఒళ్లెరగని నిద్ర పట్టింది. అంతకన్నా ఏం కావాలి ఆ అలిసిన ఒంటికి!

ఆ వారమే మనవరాలికీ దగ్గు పట్టుకుంది. ఇంకా బడికెళ్లే వయసు రాని పిల్ల. తల్లి బట్టల ఫ్యాక్టరీకి పోతూ తాతకి అప్పజెప్పింది. మర వెనక గదిలో పిల్ల దగ్గలేక ఏడుస్తుంటే చూడలేకపోయాడు. తన సీసా తీశాడు.

"చేదు తాతా!"

"మింగెయ్ తల్లీ, హాయిగా పడుకుంటావు."

దగ్గు తగ్గలేదని ఇంకో చెంచా పోశాడు. పిల్ల పడుకుంది. తనూ ఆ దగ్గుమందే తాగి ఉన్నాడేమో, బస్తాలకి ఆనుకోగానే కళ్లు మూతపడుతున్నాయి. దుప్పటి కప్పుదామని ఎలాగో లేచి వంగాడు. పిల్ల పొట్ట కదలడం లేదు. చాలాసేపటికి ఒక్కసారి కదిలింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎంత కుదిపినా కళ్లు తెరవలేదు.

తిరుగుతున్న మరని అలాగే వదిలేసి, తూలుతున్న కాళ్లతోనే పిల్లని భుజాన వేసుకుని రోడ్డు మీద పడ్డాడు. ఎవరి బండో ఆపి ఆసుపత్రికి చేరాడు.

ఆయన జేబులోంచి తీసిచ్చిన సీసా చూసి విరుగుడు ఇంజెక్షనిచ్చారు. సాయంత్రానికి పిల్ల బాగా తేరుకుంది. మంచినీళ్లివ్వొచ్చని చెప్పి, డాక్టరమ్మ తాత చెవి దగ్గరికొచ్చి గట్టిగా అడిగింది.

"ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేది. షాపులో ఎవరూ చెప్పలేదా?"

"చెప్పే ఉంటారమ్మా. నేనే విన్నట్టు తల ఊపాను."

కూతురు ఫ్యాక్టరీ నుంచి దారప్పోగులు అంటుకున్న బట్టలతోనే పరిగెత్తుకొచ్చింది. తండ్రిని దాటుకుని వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది. తిట్టినా బాగుండేదనుకున్నాడాయన.

"తాతా, నీళ్లు" అంది పిల్ల.

గ్లాసు నింపి మంచం దాకా తెచ్చాడు. పిల్ల నోరు తెరిచింది. ఆయన చెయ్యి ముందుకు సాగలేదు. గ్లాసు కూతురి చేతికిచ్చి, పక్కకి తప్పుకున్నాడు.