ఖాళీ కొక్కేన్ని చూసి ఆయన అనే మాట

"ఇంటికొస్తవా?" అని అడిగాను.

"వస్త, వీన్," అన్నాడు మా ఆయన, దవాఖాన మంచం మీద.

"ఆ 'వీన్' తోక తీసెయ్యి. ఉట్టిగ వస్త అను చాలు."

నవ్వాడు గానీ అనలేదు. నేను అన్నం వండుకొచ్చేసరికి ప్రాణం పోయింది.

గోదావరిఖనిలో ఆయనది ల్యాంపు రూములో డ్యూటీ. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లకు నెత్తి లైట్లు ఇచ్చేవాడు, షిఫ్టు అయ్యాక తీసుకొని కొక్కేలకు తగిలించేవాడు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా, ఎవరో ఇంకా పైకి రానట్టే; ఇంటికి వచ్చేవాడు కాదు. దాన్నే చూస్తూ, "వస్తడు, వీన్" అంటూ కూర్చునేవాడు.

"ఏందయ్యా గా మాట?"

"పాత ఇంగ్లీషు. ఇప్పుడెవ్వరు అనరు. రుజువు లేకున్నా గట్లనే అయితదని మనసుల అనుకుంటే, మాట చివర తగిలిస్తరు. పాతకాగితాల తూకానికి పోయే డిక్షనరీల దొరికింది."

"అందరు జీతం తెస్తే నువ్వు గిసోంటియి తెస్తవు," అనేదాన్ని.

లైటు చేతికి అందనిదే ఎవరి గురించీ "వచ్చిండు" అనేవాడు కాదు. ఆఖరికి నాకోసమైనా ఆ పట్టు విడవలేదు. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది?

ఇప్పటికీ షిఫ్టు సైరన్ మోగితే, తలుపు వెనక ఆయన టోపీ తగిలించే కొక్కెం వైపు చూస్తాను. "వస్తడు" అంటాను. మిగతా మాట నేను అనను. అయినా వినపడుతుంది.

నాకు రాయరాదు, మనవరాలే రాస్తోంది. అయిందా బిడ్డా? మొదటికెల్లి చదువు. తాత "వస్త" అన్నకాడ ఆగు. అవుతలిది చదవకు.