బొట్టు పెట్టి పిలిచిన మీటింగు

మొన్న మెడికల్ షాపులో బి-కాంప్లెక్స్ మాత్రలు కొని తెచ్చి పట్టీ చింపానో లేదో, ఆ ఘాటు వాసన గుప్పున ముక్కుకు తగిలి, చేతిలో నీళ్ళ గ్లాసుతో వంటింట్లో అలాగే నిలబడిపోయాను. అమ్మ వాసన అంటే ఒకరికి పసుపు గుర్తొస్తుందేమో, ఇంకొకరికి పోపు గుర్తొస్తుందేమో గానీ మా అమ్మ యాదమ్మ వాసన మాత్రం ఇదే. ఎల్‌బీ నగర్ వెనక సందులో ఒక చిన్న మందుల కంపెనీ ఉండేది. మాత్రల పట్టీలను డబ్బాల్లో సర్దడం అమ్మ పని. సాయంత్రం ఇంటికొచ్చి నన్ను ఒళ్ళోకి లాక్కుంటే ఆమె కొంగు, జడ, చివరికి కలిపి పెట్టిన అన్నం ముద్ద కూడా అదే వాసన వేసేవి.

దిల్‌సుఖ్‌నగర్ అవతల అప్పుడంతా ఇళ్ళు లేస్తున్న కాలం. నిన్న ద్రాక్షతోట ఉన్నచోట ఇవాళ సున్నంతో గీసిన ప్లాట్లు, కొన్నాళ్ళకు పునాదులు, ఆ తర్వాత సిమెంటు ఆరని పిట్టగోడల మీద ఆరేసిన చీరలు. వానాకాలం వచ్చిందంటే ఎర్రమట్టి చెప్పులకు పెళ్ళలు పెళ్ళలుగా అంటుకుని, చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళం. ఇసుక కుప్పలెక్కి గవ్వలేరుకునేవాళ్ళం, అమ్మ తెచ్చే వెండిరంగు రేకు ముక్కలతో వడ్డాణాలు చేసి పెళ్ళిళ్ళాట ఆడుకునేవాళ్ళం. నాయన లారీ నడిపేవాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉండి, ఆ రెండు రోజులూ నిద్రపోయేవాడు. అందుకని అమ్మ ఎక్కడికి పోయినా వెనక తోక నేనే. ఎవరింట్లో ఏం కూర, ఎవరి గోడకు ఏ క్యాలెండరు, అన్నీ నాకు కావాలి. "ఊరోళ్ళ ముచ్చట్లన్నీ నీకే గావాలె" అని అమ్మ నెత్తిన ఒకటి మొట్టేది.

కంపెనీలో ఇరవై మంది దాకా ఆడవాళ్ళు పొద్దంతా బల్లల ముందు నిలబడే పని చెయ్యాలి. కూర్చుంటే చెయ్యి సాగదని సూపర్‌వైజరు గట్టి నమ్మకం. ఇంటికొచ్చాక అమ్మ ఉప్పేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే, పిక్కల మీద ఉబ్బిన నీలం నరాలను నేను వేలితో నొక్కి నొక్కి చూసేదాన్ని. ఒక శ్రావణమాసంలో, అమ్మతో పనిచేసే సత్తెమ్మ పెద్దమ్మ కాళ్ళు వాచి, తాళలేక, బోర్లించిన అట్టపెట్టె మీద కాసేపు కూర్చుంది. భర్త పోయాక నల్లగొండ దిక్కు పల్లె నుంచి బతుకుదెరువుకు వచ్చి, కర్మన్‌ఘాట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉంటున్న మనిషి. రేపటి నుంచి పనికి రావద్దన్నాడు సూపర్‌వైజరు.

యూనియన్ పెట్టి అప్పటికి రెండు నెలలే. సైదాబాద్ నుంచి స్కూటరు మీద వచ్చే యూనియన్ సారు, "అందరు ఒక్క మాట మీదుంటేనే ఆమెను మల్ల తీస్కుంటరు, సగం మంది లోపలికి పోతే పనైపోయినట్టే" అన్నాడు. ఆ ఒక్క మాట అనుకోవడానికైనా ఒక చోట కూర్చోవాలి కదా! గేటు దగ్గర ఇద్దరు ఆగి మాట్లాడుకుంటే సూపర్‌వైజరు పేర్లు రాసుకునేవాడు. మీటింగని చెబితే ఇంట్లో మొగవాళ్ళు గడప దాటనివ్వరు. అప్పుడు అమ్మకు తట్టింది. శ్రావణంలో ఆడమనిషి కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఎందుకని అడిగేవాళ్ళుండరు. బొట్టు పెట్టి పిలిచాక రానని ఎవరూ అనరు.

రెండు సాయంత్రాలు తిరిగాం. భరిణె మోసే పెత్తనం నాది. అమ్మ బొట్టు పెడుతూ చెవి దగ్గరికి వంగి, "ఆదివారం పొద్దుగాల మా ఇంట్ల. సత్తెమ్మ కోసం" అనేది. నెత్తిన బిందె దించకుండానే ఒకామె నుదురు ముందుకు చాపింది. గుంటూరు నుంచి వచ్చిన సరోజనమ్మ గారు, "తప్పకుండా వస్తానండి. మా ఆయనకి పేరంటమనే చెప్తానండి" అని కన్ను గీటింది. నాకది బలే పండగలా ఉంది. కర్మన్‌ఘాట్‌లో ఉండే లక్ష్మికి బొట్టు పెట్టి బయటికొచ్చాక పక్క గుమ్మం చూపించి, "అమ్మా, సత్తెమ్మ పెద్దమ్మ ఇల్లు గిదే గద?" అన్నాను. అమ్మ అడుగు ఒక్క క్షణం తడబడింది. "ఊ. ఆమెకు తర్వాత చెప్త, నడువు" అంది. భర్త పోయిన ఆడమనిషికి బొట్టు పెట్టి పిలవకూడదన్నది మా వాళ్ళ పద్ధతి. నాకు తెలియదు గనక ఎందుకని దారంతా అడిగాను. అమ్మ నడక జోరు పెంచింది.

ఆదివారం చీరల రెపరెపలతో, మల్లెపూలతో, గుగ్గిళ్ళ వాసనతో ఇల్లు నిండిపోయింది. సర్వపిండి ముక్కలు పంచుతుంటే యూనియన్ సారు చుట్టూ చూసి, "సత్తెమ్మేది?" అన్నాడు. అమ్మ చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. తర్వాత చెబుదామనుకున్నది, వండే హడావుడిలో మరిచేపోయింది. పళ్ళెం నా చేతిలో పెట్టి చెప్పులైనా లేకుండా బయటికి ఉరికింది. పళ్ళెం ఎవరికో అంటగట్టి నేనూ ఉరికాను.

గదికి తాళం. ఊరికి పోతానని ఎల్‌బీ నగర్ పోయిందని పక్కింట్లోంచి లక్ష్మి వాళ్ళ అత్తగారు చెప్పింది. రోడ్డు మీద నల్లగొండ బస్సులు ఆగే చోట, మూట పక్కన, సత్తెమ్మ పెద్దమ్మ నిలబడే ఉంది.

"పక్కింటి దాక ఒచ్చినవంట. నా గడప దాటిపోయినవంట" అంది. కోపం లేదు ఆ గొంతులో, అందుకే నాకు భయమేసింది.

"తప్పైంది అక్కా" అంది అమ్మ. రొప్పుతోంది, ఏడుస్తోంది. "ఇప్పుడు పెడ్త, ఎవ్వలేమన్న అననీ."

"నాకు బొట్టొద్దు యాదమ్మా. యూనియన్ల నేను గూడ మెంబర్నే గద. పేరు పెట్టి పిలువు, ఒస్తా."

అంత రోడ్డు మీద, బస్సుల హారన్ల మధ్య, అమ్మ గట్టిగా "సత్తెమ్మా, మీటింగుకు రా!" అని పిలిచింది. మూట నేనెత్తుకున్నాను.

సోమవారం బడి ఎగ్గొట్టి నేనూ వెళ్ళాను. ఒక్కరూ గేటు లోపలికి పోలేదు. రోజూ నిలబడే అలవాటున్నవాళ్ళకు బయట నిలబడడం ఒక లెక్కా! పన్నెండు దాటాక మేనేజరే బయటికొచ్చి, సత్తెమ్మను మళ్ళీ పనిలోకి తీసుకుంటానన్నాడు. సత్తెమ్మ పెద్దమ్మ ముందు లోపలికి నడిచింది, మిగతా వాళ్ళు వెనక. దసరాకు స్టూళ్ళు వచ్చాయి, నాలుగంటే నాలుగు. వంతులేసుకుని కూర్చున్నారు. ఆ తర్వాత అమ్మ ఏ మీటింగుకూ బొట్టు పెట్టి పిలవలేదు.

ఇప్పుడు ఆ కంపెనీ చోట ఫంక్షన్ హాలుంది, రోడ్డు మీదుగా మెట్రో పోతోంది. అమ్మా లేదు, సత్తెమ్మ పెద్దమ్మా లేదు. పోయిన వారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద బట్టల షాపుకెళ్ళాను. చీరలు పరిచి చూపిస్తున్న అమ్మాయి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. కాసేపు కూర్చోమ్మా అంటే పైనున్న కెమెరా వైపు చూసి, "కూసుంటే తిడ్తరు ఆంటీ" అంది.

"మీకు యూనియన్ లేదా?" అన్నాను.

"గదేంది ఆంటీ?" అంది ఆ పిల్ల, నిజంగానే తెలుసుకోవాలని.

అమ్మ ఉండుంటే ముందు ఆ పిల్ల పేరేంటో, ఇల్లెక్కడో అడిగేది.