జనం కోసేసిన హీరో

మా పక్క క్వార్టర్ లింగమూర్తి కొడుకు శ్రావణ్‌కి దేవుడు అన్నీ ఇచ్చాడు, తన మీద తనకు ఉండాల్సిన అనుమానం ఒక్కటి తప్ప. పొద్దున్నే వాకిట్లో పళ్లు తోముకుంటూ బండి అద్దంలో ముఖాన్ని ఓ పక్క నుంచి చూసుకుంటాడు, తర్వాత ఇంకో పక్క నుంచి చూసుకుంటాడు. రెండు పక్కలూ వాడికి నచ్చుతాయి. నచ్చాయి కాబట్టి నోటి నిండా నురగతోనే అద్దానికి ఒక నవ్వు విసురుతాడు. గోదావరిఖనిలో మా కంపెనీ క్వార్టర్లు గోడకు గోడ అంటుకుని ఉంటాయి. ఈ దర్శనం నాకు రోజూ ఉచితమే.

నేను బొగ్గుబాయిలో పంపులు నడిపే మనిషిని. నా నోరు మంచిది కాదని కాలనీలో పేరుంది. అందుకే శ్రావణ్ సంగతి నేను చెబితేనే బాగుంటుంది, మిగతావాళ్లు వాణ్ని మెచ్చుకుని చెడగొడతారు.

ఈ మధ్య మా కరీంనగర్ దిక్కు జానపద పాటల వీడియోలు తీయని ఊరు లేదు. ఏ పొలం గట్టు మీదికి పోయినా ఒక కెమెరా, ఒక గొడుగు, పచ్చ లంగా ఓణీలో ఒక పిల్ల, ఆ పిల్ల చుట్టూ గుండ్రంగా తిరిగే ఒక పోరడు ఉంటారు. రైతు నాటు వేసుకోవాలంటే షూటింగు అయ్యేదాకా గట్టు మీద కూర్చోవాల్సిందే. శ్రావణ్ కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో డిగ్రీ చేస్తూ, వీడియోలు తీయడం కూడా చదువులో భాగంగానే నేర్చుకుంటున్నాడు. చివరి సంవత్సరం ఇద్దరిద్దరు కలిసి ఒక పాట వీడియో తీయాలని ప్రాజెక్టు ఇచ్చారు. వాడికి జత కలిసింది పెద్దపల్లి పక్క ఊరి పిల్ల, భూమిక.

పని పంచుకోవడంలో శ్రావణ్ చాలా ఉదారంగా ప్రవర్తించాడు. డైరెక్టర్ తనే, పాట రాసేది తనే, ఎడిటింగ్ తనే, హీరో ఎలాగూ తనే. మిగిలింది భూమికకు ఇచ్చేశాడు. ఆ మిగిలిందేమిటంటే పాడటం, ఆడటం, తను లేని చోటల్లా కెమెరా పట్టుకోవడం. పాట బాయి మనిషి మీద. "షిఫ్టు దిగి బావొచ్చె, సబ్బు తేవే పిల్లా" అని మొదలై, తెల్లారి బావ మళ్లీ డ్యూటీకి పోవడంతో అయిపోతుంది. నిజం చెప్పాలి కదా, పాట బాగుంది. భూమిక గొంతు ఇంకా బాగుంది. ఆ పిల్ల అడుగు వేస్తే చూసేవాళ్ల కాలు ఊరుకోదు.

వచ్చిన చిక్కల్లా హీరోతోనే. కెమెరా కనబడగానే వాడి ముఖంలోని కండరాలన్నీ ఒకేసారి డ్యూటీకి ఎక్కుతాయి. ప్రేమకూ కోపానికీ ఆకలికీ ఒకటే ముఖం పెడతాడు. పిల్ల సబ్బు తెచ్చి ఇస్తే, ఆ సబ్బును వాడు చూసే చూపుకు సబ్బే సిగ్గుపడాలి.

ఇంత ఆరాటం ఎందుకంటే, వెనకాల అంబదాస్ ఉన్నాడు. ఆయనది ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర అంచు. కరీంనగర్ వచ్చి పాటల ఛానల్ పెట్టి పేరు సంపాదించాడు. ఒకసారి కాలేజీకి వచ్చినప్పుడు శ్రావణ్ భుజం తట్టి, "మీ ప్రాజెక్టు మంచిగొస్తే నా కొత్త పాటల నువ్వే హీరో" అన్నాడట. ఆయన రోజుకు పది భుజాలు తడతాడు. కానీ లింగమూర్తి ఆ మాటను బాయిలోకి దిగేముందు ఒకసారి, పైకొచ్చాక ఒకసారి చెప్పేవాడు. "నా కొడుకు ఈరో అయితుండు" అని. షిఫ్టు మారినప్పుడు కొత్త షిఫ్టు వాళ్లకు మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు.

కాలేజీలో మమతారాణి మేడం మాత్రం ఒక షరతు పెట్టింది. "పాట తీయంగనే అయిపోదు. జనానికి చూపెట్టుండ్రి. ఏం నచ్చలేదో అడుగుండ్రి. వాళ్లు చెప్పింది రికార్డు చేసి తెచ్చి, దాన్ని బట్టి పాట మార్చి మళ్ల చూపెట్టుండ్రి. నేను మార్కులేసేది గా మార్పుకే."

శ్రావణ్ ఇంటికొచ్చి తండ్రికి చెప్పాడు. జనాన్ని పిలవాలి అనే ముక్క వరకే లింగమూర్తికి వినబడింది. "పిలిచినంక వట్టిగ పంపుతమా? ఇజ్జత్ ఏముంటది?" అన్నాడు. ఆదివారం మేక తెగింది. బగారా అన్నం, మటన్, తలకాయ కూర, పెద్దవాళ్లకు వాళ్లకు కావలసినవి. కమ్యూనిటీ హాలు గోడకు తెల్ల దుప్పటి కట్టారు. ముందు దావత్, తర్వాత పాట.

పాట అయ్యాక శ్రావణ్ ఫోను పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఎట్లున్నదని అడిగాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం కాదు మా కాలనీ. ఎముక ఇంకా చేతిలోనే ఉంది, ఏ నోటితో తిడతాం? ఒకడు సూపర్ అన్నాడు, ఒకడు జబర్దస్త్ అన్నాడు. గోపాల్ అయితే "జర కారం ఎక్కువైంది గని మంచిగున్నది" అన్నాడు. నన్నడిగితే "పిల్ల మంచిగ చేసింది" అన్నాను. తెలివున్నవాడికి ఆ మాట చాలు. వీడు "థాంక్స్ కాకా" అని పక్కవాడి దగ్గరికి పోయాడు.

సోమవారం మేడం అవన్నీ క్లాసులో వినిపించింది. గోపాల్ మాట వచ్చేసరికి ఆపి, "కారం ఎక్కువైంది ఏ సీన్‌లో?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. "గీ మెచ్చుకోలంత మేకకు పోవాల్సింది, శ్రావణ్. నిన్ను, మీ బాపును తెల్వనోళ్లకు చూపెట్టు. పల్లిగింజ కూడ పెట్టకు" అని పంపేసింది.

ముక్కూముఖం తెలియని జనం ఊరికే దొరికేది ప్యాసింజర్ రైల్లోనే. శ్రావణ్ రామగుండంలో కాగజ్‌నగర్ వైపు పోయే బండెక్కి, ట్యాబ్ పట్టుకుని సీటు సీటుకూ తిరిగాడు. జనం తెర మీది ముఖం చూశారు, తెర పట్టుకున్న ముఖం చూశారు. "మంచిగున్నది తమ్మీ" అన్నారు. వాడు ఎగురుకుంటూ వచ్చి భూమికకు చెప్పాడు. ఆ పిల్ల తల పట్టుకుంది.

"నీ మొఖం ముందల పెట్టుకొని నీ మొఖం ఎట్లున్నదని అడిగితే ఎవలు చెప్తరు శ్రావణ్?" అని బ్యాగులోంచి ఒక మాస్కు తీసి ఇచ్చింది. టోపీ కూడా పెట్టుకొమ్మంది.

ఆ వేషంలో వాడు మళ్లీ అదే బండెక్కాడు. కిటికీ దగ్గర సారక్క అనే ఆమె, జామకాయలు అమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి పోతోంది. ఎదురు సీట్లో తెల్ల గడ్డం ముసలాయన, పక్కన ఇంటర్ చదివే పిల్ల. ముగ్గురి మధ్యా ట్యాబ్ పెట్టాడు.

"ఎంత సక్కగ ఆడుతుంది పిల్ల!" అంది సారక్క. కాసేపయ్యాక, "గా పోరడెవడు బిడ్డా, మాటిమాటికి అడ్డమస్తుండు?" అంది.

"గాయనే హీరో అవ్వా" అన్నాడు శ్రావణ్ మాస్కులోంచి.

"ఈరోనా! ఎవడో తొవ్వ తప్పి వచ్చిండనుకున్న."

"కడుపునొప్పి ఉన్నట్టున్నది పాపం" అన్నాడు ముసలాయన జాలిగా.

ఇంటర్ పిల్ల ట్యాబ్ ఒళ్లోకి లాక్కుని, హీరో కనబడ్డప్పుడల్లా వేలితో ముందుకు జరిపేసింది. భూమిక వచ్చేసరికి ఆపేది. ఐదు నిమిషాల పాట ఆ పిల్ల చేతిలో రెండు నిమిషాలకు అయిపోయింది.

వీడికి ఇంకా ఆశ. "హీరో సరిగ కనవడ్తలేడా అవ్వా? లైటింగ్ తక్కువైందా?"

"కనవడ్తుండు బిడ్డా. గదే బాధ."

అప్పుడే చాయ్ అమ్మేవాడు వచ్చాడు. వీడికి నోరు ఎండిపోయి ఉంది. చాయ్ తీసుకుని, తాగడానికి మాస్కు కిందికి లాగాడు.

సారక్క ఆ ముఖం చూసింది. తెర చూసింది. మళ్లీ ముఖం చూసింది. "అయ్యో బిడ్డా, నువ్వేనా! మస్తు జేసినవ్!" అంది. ముసలాయన అందుకుని, "కడుపునొప్పోని లెక్క నటించుడు ఎంత కష్టం! ఎవలతోని గాదు" అన్నాడు. సారక్క కొంగు ముడి విప్పి, ఇంట్లో మనవరాలి కోసం దాచుకున్న రెండు జామకాయలు వాడి చేతిలో పెట్టింది. అన్ని మాటలు పడి ఉలకని వాడు ఆ జామకాయలు పట్టుకుని ఏడ్చాడు. వాడి మీద నాకు నిజంగా జాలి కలిగింది ఈ ముక్క విన్నప్పుడే.

ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "కాకా, సత్యం చెప్పు. నేను మంచిగ చెయ్యనా?"

"చెయ్యవురా."

"మరి దావత్ల ఎందుకు చెప్పలే?"

"మీ బాపు నా పక్కనే కూసున్నడు."

లేచి ఇంటికి పోయాడు. అయినా ఆశ ఎక్కడికి పోతుంది? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మర్నాడు తప్పంతా రంగుల్లో ఉందనుకుని రంగులు మార్చాడు. తన ముఖాన్ని కొంచెం తెల్లగా, తర్వాత కొంచెం నల్లగా చేశాడు. ముఖం మారింది గానీ చూపు మారలేదు. భూమిక వచ్చి చూసి చెప్పేసింది.

"మొదటి రోజే చెప్పిన. నీకు కుళ్లు అన్నవ్. గిప్పుడు రైలంత చెప్పింది. నిన్ను తీసేస్తే పాట నిలవడ్తది. మార్కులు నాయి కూడ ఉన్నయి శ్రావణ్."

"నేను లేకుంటె అంబదాస్ సార్ ఏం చూసి తీసుకుంటడు నన్ను? మా బాపు బాయంత చెప్పుకున్నడు."

ఏళ్ల తరబడి అద్దంలో చూసి మురిసిన ముఖాన్ని ఎవరు మాత్రం తమ చేత్తో తీసేస్తారు? వీడు తీశాడు. సబ్బు చూపు కోశాడు. బండి మీద వచ్చే సీను కోశాడు. కోసే ముందు ప్రతిదాన్నీ ఇంకొక్కసారి చూసుకుని కోశాడు. వాళ్లమ్మ జమున అన్నం పళ్లెం తెచ్చి పక్కన పెట్టి, ఏమీ అర్థంకాక వాడి తల నిమిరి పోయింది.

చివరికి పాటలో భూమిక మిగిలింది, ఆఖరి చరణంలో బావ డ్యూటీకి పోయే చోట ఖాళీ మిగిలింది. అప్పుడు భూమిక తన దగ్గరున్న ఒక ముక్క తెచ్చి చూపింది. షూటింగు రోజు శ్రావణ్ తన తండ్రి పాత బూట్లు, బాయి టోపీ వేసుకున్నాడు. బూట్లు కరిచి కాళ్లు బొబ్బలెక్కాయి. షాట్ అయిపోయిందనుకుని, బూట్లు విప్పుకోవడానికి పొగమంచులో మెల్లగా అటు తిరిగి పోతుంటే, ఆమె కెమెరా ఆపలేదు. వీడు దాన్ని అప్పుడే పనికిరాదని పారేశాడు. ముఖం లేని షాటు వాడికెందుకు? ఇప్పుడు ఆ వీపును అక్కడ అతికించారు.

కాలేజీలో పెద్ద ప్రదర్శన రోజు లింగమూర్తి డ్యూటీ మానేసి, ఆ పూట మస్టర్ పోగొట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నన్ను వెంటేసుకుని కరీంనగర్ వచ్చాడు. కొడుకు కోసేసుకున్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. ముందు వరసలో అంబదాస్ కూర్చున్నాడు.

పాట మొదలైంది. హాలు హాలంతా ఊగిపోయింది. లింగమూర్తి ఒక్కడే మెడ చాచి తెరంతా వెతుకుతున్నాడు. "వీడేడి? ఎప్పుడొస్తడే?" అని నా మోచెయ్యి గుంజాడు. "ఆగు" అన్నాను. ఇంకాసేపటికి మళ్లీ గుంజాడు. ఆ గుంజుడు నా ప్రాణం తీసింది. తెర మీద భూమిక గుమ్మంలో నిలబడింది, మంచులో ఒక వీపు మెల్లగా దూరమై పోయింది, పాట అయిపోయింది. చప్పట్లు ఆగలేదు.

మమతారాణి మేడం లేచి, చూసినవాళ్లను ఒక్క మాట చెప్పమంది. అంబదాస్ లేచాడు. "ఏక్‌దం బరోబర్! పిల్లను నా పాటకు తీసుకుంటున్న" అన్నాడు. శ్రావణ్ గోడకు ఆనుకుని తల వంచుకున్నాడు. "ఇంకొక మాట. గా చివర్ల నడుస్తడు సూడు, గాయన ఎవలు? ఎవడో అసలైన బాయి మనిషిని పట్టుకొచ్చిండ్రు. గట్ల నడుసుడు నటించేటోళ్లకు రాదు."

శ్రావణ్ నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. నా పక్కన కుర్చీ కిర్రుమంది.

"బాయి మనిషి గాదు సార్, నా కొడుకు" అన్నాడు లింగమూర్తి నిలబడి. "చిన్నప్పటి సంది నేను కొట్టిన వీపు. నాకు తెల్వదా?"

హాలంతా ఘొల్లుమంది. అంబదాస్ కూడా నవ్వాడు. గోడ దగ్గర శ్రావణ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. లింగమూర్తి మాత్రం నవ్వలేదు, కూర్చోలేదు.

"మేడం, ఇంకొక్కసారి ఎయ్యుండ్రి" అన్నాడు. "మొత్తం వద్దు. గా వీపు కాడికెళ్లి చాలు."