నాలుగో మేకు

కెంపి దయ్యమై నలభై మూడు చెట్లను పీల్చి చంపిందని కాట్టుమూలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊళ్లోకి వచ్చిన కొత్త కోడలికి ముందు ఈ కబురు, తర్వాత మంచినీళ్లు. అది తప్పు. ఐదేళ్లకే జ్వరమొచ్చి పోయిన పిల్ల అది. బతికుండగా ఒక కొమ్మ విరిచిన పాపాన పోలేదు. పైగా చెట్టును చంపాలంటే మొండి ఓపిక కావాలి. అది దయ్యాలకుండదు, మనుషులకే ఉంటుంది. ఆ ఓపిక కెంపిది కాదు, దాని తల్లి మాస్తిది.

మాస్తి కాట్టునాయక్కుల మనిషి. వయనాడు అడవిలో పుట్టి, ఆ అడవిలోనే దుంపలు తవ్వుకుని, తేనె పిండుకుని పెరిగిన జాతి. పెళ్లికాని రోజుల్లో ఆమె నర్సరీ నుంచి మంజక్కొన్న మొక్కలు తట్టల్లో నెత్తిన మోసింది. పసుపుపచ్చ పూలు విరగబూస్తాయి, నీడకు మంచివి అని అటవీశాఖ పై ఆఫీసు వాళ్లు నాటించారు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ చెట్టే అడవిని మింగడం మొదలుపెట్టింది. దాని కింద గడ్డి మొలవదు, వెదురు లేవదు, దుంప ఊరదు. జింక దాని ఆకు ముట్టదు. ఆకలేసిన ఏనుగులు వరి మళ్లల్లో పడ్డాయి. అప్పుడు పై ఆఫీసుకే చెట్టు మీద కోపం వచ్చింది.

నరికితే మొద్దు నుంచి పది పిలకలు వేస్తుంది కనుక నరకకూడదు. రొమ్ము ఎత్తు నుంచి వేరు దాకా చుట్టూ బెరడు ఒలిచెయ్యాలి. వేలెడు పట్టీ మిగిలినా చాలు, ఆ పట్టీ పట్టుకుని బతికేస్తుంది. శుభ్రంగా ఒలిస్తే ఏడాది, ఏడాదిన్నరకు నిలబడే ఎండిపోతుంది. ఆ పనికి పద్దెనిమిది మంది ఆడవాళ్లను పెట్టారు. వాళ్లలో మాస్తి చెయ్యే మొదటి చెయ్యి.

"నాటిందీ నువ్వే, ఒలిచేదీ నువ్వే. దేవుడికి కూడా ఇంత పని లేదు కదే మాస్తీ!" అనేది ఏలియమ్మ. ముఠాలో నోరున్నది ఆమె.

"దేవుడికి రోజుకూలి లేదుగా చేచ్చీ" అనేది మాస్తి, అక్క వరసతో పిలుస్తూ, కత్తి ఆపకుండానే.

రెండో ఏడు ప్రశోభ్ అనే కుర్రవాడు వచ్చాడు. అడవి మీద పరిశోధన చేసేవాడు. మంచివాడే, పేరు పెట్టడానికి లేదు. మధ్యాహ్నం అందరితో పాటు నేల మీద కూర్చుని, ఉడికించిన కర్రపెండలం పచ్చిమిరప కారంలో అద్దుకుని తినేవాడు. అతను ఒక ముక్క అడవిని ఒలవకుండా వదిలెయ్యమన్నాడు.

"ఒలిచిన చోట ఏం మొలిచిందో, ఒలవని చోట ఏమైందో పక్కపక్కన పెట్టి చూడాలి. లేకపోతే మన పని వల్లే అడవి బాగుపడిందని ఎవరు నమ్ముతారు? పదేళ్లు ఆ ముక్కలో ఒలవకూడదు, నరకకూడదు, మట్టి కదిలించకూడదు."

"అమ్మో, అడవి కూడా బయటచేరిందే! పదేళ్ల మైల!" అంది ఏలియమ్మ. ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆ రోజు నుంచి దాని పేరు మైలముక్క.

నాలుగు మూలలకు నాలుగు ఇనప మేకులు కొట్టి తాడు కట్టాలి. మేకులు మోసింది మాస్తి. ముక్క ఎక్కడో తెలిశాక ఆమె నడక ఆగిపోయింది. అది మాస్తి వాళ్ల శ్మశానం. వాళ్లు గోరీలు కట్టరు, తలవైపు ఒక రాయి పాతుతారు అంతే. రాళ్ల మీద ఆకులు రాలి ఉంటే పైవాళ్ల కంటికి అది ఉత్త అడవే.

"సారూ, ఇక్కడ మావాళ్లున్నారు" అంది.

ప్రశోభ్ చుట్టూ చూశాడు. "ఎక్కడ? పిలవండి, తాడు పట్టుకుంటారు."

ముఠా ముఠా అంతా పడీపడీ నవ్వింది. మాస్తి వేలు కిందికి చూపించింది. అతనికి అర్థమై మొహం ఎర్రబడింది. "మేం మట్టి ముట్టుకోం కదమ్మా. వాళ్లకు ఇంతకంటే భద్రం ఎక్కడుంటుంది?" అన్నాడు. ఆ మాటలో కపటం లేదు. అదే వచ్చిన చిక్కు.

నాలుగో మూలలో మాస్తి మేకు పట్టుకుంది, ఇంకొకడు సుత్తితో కొట్టాడు. మేకు కింద రాయికి తగిలి పక్కకు ఒరిగింది.

"మేకు పట్టడం కూడా రాదేమే? ముసలిదానివైపోయావు!" అంది ఏలియమ్మ.

అక్కడ రాయి ఎందుకుందో మాస్తికి తెలుసు. ఒకసారి నోరు తెరిచి నవ్వులపాలైంది చాలనుకుంది. మేకును నిటారుగా పెట్టి రెండు చేతులా బిగించి పట్టుకుంది. ఆరు దెబ్బలకు దిగింది.

మూడేళ్లు గడిచాక ఆమె మొగుడు కరియన్ పోయాడు. పాడె మైలముక్క దాకా వచ్చి ఆగిపోయింది. కాపలావాడు తాడు దగ్గర నిలబడి, "మట్టి కదిలించకూడదని రాతలో ఉంది. నా ఉద్యోగం తియ్యకండి" అని దణ్ణం పెట్టాడు. శవాన్ని జీపులో వేసుకుని రోడ్డు పక్క పంచాయతీ శ్మశానానికి తీసుకుపోయారు. పక్క గొయ్యి ఎవరిదో, ఏ ఊరిదో తెలియదు. అడవిలో పుట్టి అడవిలో తిరిగిన మనిషిని లారీల మోత కింద పాతిపెట్టి వచ్చింది మాస్తి.

ముక్కను ఇంకో చోటికి మార్చమని ప్రశోభ్‌ను మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అతను నొచ్చుకున్నాడు. మూడుసార్లూ, "ఇన్నేళ్ల పరిశీలన వృథా అవుతుందమ్మా" అన్నాడు.

ముక్కలో చెట్లే లేకపోతే పరిశీలన దేనికి? ఈ ఆలోచన ఆమెకు ఎప్పుడు పుట్టిందో గాని, ఆ పై ఆదివారం తవ్వుకోల పట్టుకుని బయల్దేరింది. ఆదివారం కాపలావాడు ఉండడు. ఉన్నా, కాట్టునాయక్కుల ఆడది చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని తవ్వుతుంటే ఎవరేమడుగుతారు?

"దుంపలు దొరికాయా?" అని దారిన పోయేవాళ్లు కేకేసేవాళ్లు.

"ఒకటో రెండో" అనేది.

ఆ చెట్ల కింద దుంప ఊరక ఇరవై ఏళ్లయింది. సంతలో కర్రపెండలం కొనుక్కునే జనానికి ఆ సంగతి ఏం తెలుస్తుంది? ఆమె జానెడు లోతున తవ్వి, ఆఫీసు ఇచ్చిన కత్తితోనే మట్టి కింద బెరడు చుట్టూ ఒలిచి, మట్టి కప్పి, దానిమీద ఆకులు పరిచేది. వారానికి ఒక చెట్టు. పిలకలు లేస్తే గోటితో గిల్లేసేది. నలభై మూడు చెట్లు. నిండా ఏడాది పట్టింది.

రెండు వానాకాలాలు పోయేసరికి మైలముక్క మొత్తం మోడైపోయింది. మానుల మీద ఎక్కడా గాటు లేదు. ప్రశోభ్ బెరడు చూశాడు, ఆకు చూశాడు, పురుగు కోసం వెతికాడు. చివరికి కంటికి కనబడిందే రాశాడు: ఒలిచినవీ చచ్చాయి, ఒలవనివీ చచ్చాయి, కనుక ఒలవడం వల్లే చచ్చాయని చెప్పలేం. పై ఆఫీసు అది చదివి తల ఊపింది. వాటంతట అవే చస్తుంటే మధ్యలో ఈ ఆడవాళ్లెందుకు? సోమవారానికల్లా పద్దెనిమిది మందికీ పని పోయింది. కత్తులు అప్పజెప్పి ఇళ్లకు పొమ్మన్నారు. అవతలి కొండ మీద మంజక్కొన్న చెట్లు మాత్రం ఎప్పటిలాగే పచ్చగా పూశాయి.

తాడు విప్పారు గాని మేకులు పీకలేదు, ఎవరికీ గుర్తు లేదు. మాస్తి కోరుకున్నది దక్కింది. దక్కిన నెలకే వాన పడింది. మోడుల మధ్య నుంచి ఎండ నేలకు తగిలేసరికి, మట్టిలో ఏళ్లుగా నిద్రపోతున్న మంజక్కొన్న విత్తనాలన్నీ ఒక్కసారిగా లేచాయి. తల మీద వెంట్రుకల్లా మొలిచాయి. ఆమె పిడికెళ్లతో పీకింది. వేళ్లు పగిలి నెత్తురొచ్చేదాకా పీకింది. మళ్లీ వారానికి మళ్లీ అంతే.

దయ్యం మాట మొదట అన్నది ఏలియమ్మ. ఇంట్లో పొయ్యి వెలగని రోజు అంది.

"గాటు పడకుండా చెట్టు చచ్చిందంటే అది కిందవాళ్ల పనే. ఆ కెంపిదే. తల్లికి కడుపుకోత పెట్టింది చాలక, మా అందరి కడుపూ కొట్టింది."

మాట మంటలా పాకింది. కుళాయి దగ్గర మాస్తి బిందె పెడితే మిగతా బిందెలు జరిగిపోయేవి. పిల్లలు ఆమె వాకిట్లోకి రాళ్లు విసిరి పరిగెత్తేవారు. ఇంటికి కొంత చొప్పున వేసుకుని ఒక మంత్రవాదిని మాట్లాడారు. మంగళవారం వచ్చి, పిల్ల దయ్యాన్ని ఒక మేకులో బంధించి ఏట్లో ముంచుతానన్నాడు.

"నా పిల్లకు ఐదేళ్లే చేచ్చీ" అంది మాస్తి.

"దయ్యాలకు వయసేమిటే?" అంది ఏలియమ్మ, మొహం చూడకుండా.

మంగళవారానికి మూడు రోజుల ముందు ప్రశోభ్ వచ్చాడు. నేరుగా మాస్తి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. కంచె అవతల ముఠా అంతా చేరింది. అతను సంచిలోంచి ఒక మొద్దు వేరు తీసి నేల మీద పెట్టాడు. అడవిపందులు మైలముక్కలో ఒక చెట్టు మొదలు పెళ్లగించాయి. ఆ వేరు మీద కత్తి గాట్లు వరసగా, శుభ్రంగా ఉన్నాయి. అంత శుభ్రంగా ఒలిచే చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు.

"అమ్మా, అబద్ధం చెప్పి మిమ్మల్ని అడగను" అన్నాడు. "ఇది మనిషి చేసిన పని అయితే నేను రాసింది తప్పని మళ్లీ రాస్తాను. వీళ్లందరికీ పని తిరిగి వస్తుంది. కానీ పోలిక మళ్లీ మొదటి నుంచి మొదలు. పాత వివరాలున్నది ఆ ముక్కకే, మొలకలు వచ్చింది కూడా అక్కడే. అందుకని మళ్లీ అదే ముక్క. మళ్లీ పదేళ్లు."

మాస్తికి అప్పటికి అరవై రెండు. పదేళ్లంటే ఏమిటో లెక్క వేసుకోవడానికి ఆమెకు వేళ్లు అక్కరలేదు.

"పని పోతే పోయింది, దయ్యమని చెప్పవే!" అని కంచె అవతల నుంచి అరిచింది ఏలియమ్మ.

"ఒలిచింది ఎవరమ్మా?" అని అడిగాడు ప్రశోభ్.

మాస్తి వేరును చేతిలోకి తీసుకుంది. తన పని ఎలా కుదిరిందో చూస్తున్నట్టు ఒకసారి తిప్పి చూసి, మళ్లీ కింద పెట్టింది.

"నేనే సారూ. నలభై మూడూ నేనే. నా పిల్ల ఆకు కూడా ముట్టలేదని అదిగో, వాళ్లకు వినపడేలా చెప్పండి. మళ్లీ తాడు కట్టేటప్పుడు మాత్రం ఆ నాలుగో మేకు రెండు మూరలు పక్కకు కొట్టండి. పోయినసారి దాని తలమీద దిగింది. పట్టుకుంది నేనే."