త్రిమూర్తులుగారి పక్షవాతం

త్రిమూర్తులుగారు ఏ వస్తువునైనా ముందు తనమీద ప్రయోగించుకోనిదే ఇంట్లో వాడనివ్వరు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కుగా చేశారు. తను ఎక్కి ఒక చుట్టు తిప్పి చూడని బస్సు రోడ్డెక్కేది కాదు. రిటైరయ్యాక బస్సులు పోయాయి గానీ, ఆ జబ్బు పోలేదు.

మనవరాలికి ఉయ్యాల కొంటే ముందు ఆయనే ఎక్కారు. ఎనభై కిలోల మనిషి. ఉయ్యాలతో పాటు దూలానికున్న కొక్కెం కూడా ఊడొచ్చింది. దోమల చుట్ట కొత్త రకం తెస్తే తలుపులేసుకుని గంటసేపు ఆ పొగలో కూర్చున్నారు. దోమలు కులాసాగానే ఉన్నాయనీ, తనకే ఊపిరాడలేదనీ చెప్పి కొట్లో తిరిగిచ్చేసి వచ్చారు. ఇలాంటి మనిషితో కాపురం చేస్తున్న సూర్యకళగారిని కడియంలో అందరూ జాలిగా చూస్తారు. ఆవిడకి మాత్రం అలవాటైపోయింది.

ఇలా ఉండగా సూర్యకళ తల్లి సంపూర్ణమ్మగారు జంగారెడ్డిగూడెంలో కొడుకు శ్యాంబాబు ఇంట్లో జారిపడ్డారు. తుంటికి ఆపరేషనైంది. ఊపిరితిత్తులు కూడా అంతంతమాత్రమే కాబట్టి రాత్రిళ్లు ఆక్సిజన్ పెట్టాలన్నారు. శ్యాంబాబుది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చూపించుకునే డాక్టరేమో రాజమండ్రిలో. కడియం నుంచైతే ఆటోలో ఇలా వెళ్లి అలా రావచ్చు. మా ఇంటికొచ్చెయ్యమ్మా అని సూర్యకళ ఫోనులో బతిమాలింది.

"చుట్టపుచూపుగా వస్తాను గానీ, అల్లుడిగారింట్లో మంచమెక్కడానికి రానే" అంది సంపూర్ణమ్మగారు.

ముప్పై ఏళ్లలో ఆవిడ అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చున్నది లేదు. ఆయన గుమ్మంలో కనిపిస్తే చాలు, చటుక్కున లేచి నిలబడేది. ఇప్పుడలా చటుక్కున లేస్తే మళ్లీ తుంటి విరుగుతుందని డాక్టరు గట్టిగానే చెప్పాడు. తల్లి అక్కడే ఆ మెట్ల మధ్య ఉండిపోతే ఏమవుతుందోనని సూర్యకళకి అన్నం సహించడం మానేసింది.

త్రిమూర్తులుగారు తాపీమేస్త్రిని పిలిపించారు. పెరట్లో మొక్కల కుండీలు పక్కకి జరిపించి ఒక గదీ, దానికో బాత్రూమూ కట్టించారు. చక్రాల కుర్చీ పట్టేటంత వెడల్పు గుమ్మం. మెట్లకి బదులు వాలు. కుర్చీకి అడ్డమని గడప కూడా పెట్టించలేదు. గడప లేని ఇల్లేమిటని సూర్యకళ గొడవ పెడితే, గుమ్మం దగ్గర నేలమీదే పసుపు పూసి బొట్లు పెట్టుకోమన్నారు.

ఇక ప్రయోగాలు మొదలయ్యాయి. ఆస్పత్రి మంచం కొనడానికి వెళ్లి కొట్లోనే దానిమీద పడుకుని గుర్రుపెట్టారు. ఇంటికొచ్చాక కుడికాలికి బద్దలు కట్టుకుని వాకర్‌తో బాత్రూముకి వెళ్లొచ్చి, గోడకున్న కడ్డీ నాలుగు వేళ్లు కిందకి దించమన్నారు. తాపీమేస్త్రి మూడుసార్లు దించాడు, నాలుగోసారి దణ్ణం పెట్టాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించుకునే ఉప్మా తిన్నారు. కరెంటు పోతే మిషన్ ఆగకుండా ఇన్వర్టరు పెట్టించి, మెయిన్ కట్టేసి మరీ చూశారు. ఆఖరికి కాలికి బద్దలతోనే చక్రాల కుర్చీ ఎక్కి, గుంతల్లో ఎలా నడుస్తుందో చూడాలని కొత్తిమీర కోసం సెంటరుదాకా వెళ్లారు.

సాయంత్రానికల్లా త్రిమూర్తులుగారికి పక్షవాతం వచ్చిందని ఊరంతా తెలిసిపోయింది. హార్లిక్సు సీసాలతో, బత్తాయిలతో పరామర్శకి జనం దిగారు. మామూలుగా అయితే ఎదుటివాడి పొరపాటు దిద్దందే నిద్రపోని మనిషి, ఆ రోజు మంచంమీద కళ్లు సగం మూసుకుని బత్తాయిలు పుచ్చుకుంటూ పడుకున్నారు. నిజం చెప్పెయ్యరాదా అని సూర్యకళ విసుక్కుంటే, ట్రయలింకా పూర్తి కాలేదన్నారు.

మర్నాడు పొద్దున్నే శ్యాంబాబు ఫోను. బావగారి సంగతి బస్సులో ఎవరో చెప్పారట. తను వద్దన్నా వినకుండా అమ్మ కారు పిలిపించిందట. సూర్యకళ నిజం చెప్పబోయేలోగా త్రిమూర్తులుగారు ఫోను లాక్కున్నారు.

"అవును శ్యాంబాబూ. ఎడం పక్క పడిపోయింది. మీ అక్క ఒక్కత్తీ చెయ్యలేకపోతోంది" అన్నారు నీరసంగా.

వాకర్‌మీద సంపూర్ణమ్మగారు దిగారు, చేతిసంచీలో హార్లిక్సు సీసాతో. త్రిమూర్తులుగారు చక్రాల కుర్చీలో మూలుగుతూ ఎదురొచ్చారు.

"ఆ మంచంమీద నాకు నిద్ర పట్టట్లేదండి అత్తయ్యగారూ. ఆ మిషన్ గాలీ నాకు పడట్లేదు. అవి రెండూ మీరే వాడుకోండి. నేను లేవలేనివాణ్ణి కదండి, నా ముందు మీరు లేచి నిలబడితే నాకు బాధగా ఉంటుంది."

పాపం, ఆవిడ హార్లిక్సు సీసా ఆయన ఒళ్లో పెట్టింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి అల్లుడి ఎదుట కూర్చుంది, అదీ మంచంమీద. ఆ రోజు నుంచి వేళకి ఆయన మందులు గుర్తుచెయ్యడం, హార్లిక్సు తాగారా లేదా అని అజమాయిషీ చెయ్యడం ఆవిడ పనైంది. రోగినన్న సంగతే మర్చిపోయి కడ్డీ పట్టుకుని తిరిగేస్తోంది. ఇంత మంచి మొగుణ్ణా నేను ఇన్నాళ్లూ విసుక్కున్నాను అనుకుని, సూర్యకళ వంటింట్లో కళ్లు తుడుచుకుంది.

పదిరోజులయ్యేసరికి తల్లిని మోసం చేస్తున్నామన్న బాధ సూర్యకళకి పట్టలేకుండా పోయింది. మధ్యాహ్నం తల్లికి జడ వేస్తూ, ఆయన సంగతొకటి చెప్పాలమ్మా అని మొదలుపెట్టింది.

"ఏం చెబుతావులే" అంది సంపూర్ణమ్మగారు. "సోమవారం ఎడం చెయ్యి పడిపోయింది, మంగళవారం కుడి చెయ్యి. నిన్న ఆ కిటికీలోంచి చూద్దును కదా, నిచ్చెనెక్కి కొబ్బరికాయలు దింపుతున్నారు."

సూర్యకళ దువ్వెన పక్కన పడేసి తల్లి ముందుకొచ్చి కూర్చుంది.

"ఆయనతో ఏమీ అనకు. అప్పుడే నయం కానివ్వకు" అంది తల్లి. "ఆయనకి నయమైపోతే నేను వెళ్లిపోవాలి కదే."