కర్రల డిపోలో లెక్కల మామయ్య

వైరాలో మాకు చిన్న విత్తనాల దుకాణం ఉంది. కిందటి వారం మా అకౌంటెంట్ అమ్మాయి, మంచి పిల్ల, చురుకైన పిల్ల, నా దగ్గరకొచ్చి, "మేడం, బ్యాంకు నంబరున్న ఫోను నా దగ్గరుంచుకుంట. ప్రతిసారి ఓటీపీకి మిమ్మల్ని పరేషాన్ చేసుడెందుకు?" అని అడిగింది. "వద్దమ్మా, అది నా దగ్గరే ఉంటది" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. నీ మీద అనుమానం కాదు తల్లీ అని చెప్పబోయి ఆగిపోయాను. అది చెప్పాలంటే సారపాకలో మా పెద్దమ్మ గురించి మొదటినుంచీ చెప్పాలి. కౌంటరు ముందు రైతులు నిలబడి ఉన్నారు. అప్పుడు చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ చెప్తున్నాను.

పెద్దమ్మకు కర్రల డిపో ఉండేది. ములకలపల్లి వైపు రైతులు వేసిన జామాయిల్ తోటలు కొని, కొట్టించి, బెరడు తీయించి, లారీలకెత్తించి కాగితం మిల్లుకు పంపడం ఆ వ్యాపారం. పెదనాయిన మొదలుపెట్టాడు. ఆయన గుండెపోటుతో పోయాక అందరూ డిపో అమ్మేస్తుందనుకున్నారు. పెద్దమ్మ మాత్రం నలభై రోజుల ప్రార్థన కాగానే చీరకొంగు నడుముకు చుట్టుకుని కర్ర తూచే కాటా దగ్గర నిలబడింది. కర్ర పచ్చిదో ఎండిందో తట్టి చెప్పగలదు. డ్రైవరు తాగొచ్చాడో లేదో పది గజాల దూరం నుంచే పసిగడుతుంది. ఆమెకు రానిదల్లా ఇంగ్లీషు కాగితాలే. చదువు బైబిలు దగ్గర ఆగిపోయింది. ఆ కాగితాలన్నీ మామయ్య చూసుకునేవాడు.

మామయ్య మాకు చుట్టం కాదు. పెదనాయిన స్నేహితుడి కొడుకు. తండ్రి లేని పిల్లాడని పెదనాయిన బీకాం చదివించి డిపోలో లెక్కలకు పెట్టుకున్నాడు. పెద్దమ్మ అతన్ని "తమ్మీ" అనేది, మేం లెక్కల మామయ్య అనేవాళ్లం. చర్చిలో ఢోలక్ వాయించేవాడు. ఆదివారం పాటకు పెద్దమ్మ గొంతెత్తితే మామయ్య ఢోలక్ ఆమె వెంటే నడిచేది. ఆమె తాళం తప్పితే తానూ తప్పి, తప్పెవరిదో తెలియకుండా కాపాడేవాడు. అప్పుడు నేను భద్రాచలంలో ఒక బడిలో టీచరుగా చేస్తూ పెద్దమ్మ ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి ఇవన్నీ కళ్లారా చూసినవే.

మామయ్య ఒక్క రోజు కూడా సెలవు పెట్టేవాడు కాదు. జ్వరమొస్తే మఫ్లరు చుట్టుకుని వచ్చి కూర్చునేవాడు. సొంత బిడ్డ పెళ్లినాడు కూడా, పందిరి కిందికి పోయేముందు డిపోకొచ్చి కంప్యూటర్ తెరిచి చూసుకుని పోయాడు. దాన్ని మేమంతా నమ్మకం అనుకున్నాం. ఇంకా ఒకటుంది. బ్యాంకు నుంచి ఫోనుకు నంబరొస్తే పెద్దమ్మ కాటా దగ్గర్నుంచి ఒక్కో అంకె గట్టిగా అరిచి చెప్పేది, మామయ్య గదిలోంచి "ఆఁ, ఆఁ" అంటూ కంప్యూటర్లో కొట్టుకునేవాడు. రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినిపించేది. ఇంగ్లీషు అంకెలు తప్పు లేకుండా చెప్పగలనని ఆమెకు అదో సంబరం. ఆ నంబరు దేనికొచ్చిందో మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆమె అన్నం ముందు కూర్చున్నప్పుడో, చర్చికి బయల్దేరుతున్నప్పుడో మామయ్య సంతకాలకు కాగితాలు తెచ్చేవాడు. ఆమె ఎడంచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి తుడుచుకుని పెట్టేసేది.

ఒక వానాకాలం పొద్దున లారీ మీద కట్టిన తాడు తెగింది. కర్రలు జారి లోడింగ్ మేస్త్రి మీద పడ్డాయి. పెదనాయిన కాలం నుంచీ ఉన్న మనిషి. పెద్దమ్మే ఆటోలో అతని తల ఒళ్లో పెట్టుకుని భద్రాచలం తీసుకుపోయింది. అక్కడ కాదంటే ఖమ్మంలో ప్రైవేటు దవాఖానాకు. నేనూ వెంట ఉన్నాను. దారి పొడుగునా మేస్త్రి భార్యతో ఒకటే మాట. "ఏడ్వకు బిడ్డా, మనకు బీమా ఉంది. ఏడాదేడాది కడుతున్నం. ఎంతైనా అదే ఇస్తది." కూలీలందరికీ ప్రమాద బీమా చేయించడం పెదనాయిన పెట్టిన పద్ధతి. అది తప్పకుండా కట్టిస్తున్నానని పెద్దమ్మకు లోపల చాలా గర్వం.

దవాఖానా కౌంటరులో ఉన్నతను పాలసీ నంబరు కొట్టి చూశాడు. మళ్లీ కొట్టాడు. "అమ్మా, ఇది ఎప్పుడో ఆగిపోయింది. కట్టలేదు" అన్నాడు. "సరిగ చూడు నాయినా, మేం కట్టినం" అంది పెద్దమ్మ. అతను తెర ఆమె వైపు తిప్పాడు. ఆమెకు ఇంగ్లీషు చదవరాదు. నేను చదివాను. నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది.

మేస్త్రి ప్రాణం దక్కింది, మోకాలి కింద కాలు పోయింది. ఖర్చుకు పెద్దమ్మ ఉన్న ఒక్క సొంత లారీని అమ్మింది. అదంతా అయ్యేదాకా డిపోలో ఎవరినీ ఏమీ అనలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం మామయ్య గదిలోకి పోయి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను.

"తమ్మీ, కూలీల బీమా కట్టినవా?"

"కట్టినక్కా. వాళ్ల సిస్టమ్ల ఏదో గడబిడ అయ్యుంటది."

"అట్లనా. అయితే దా, ఇద్దరం బ్యాంకుకు పోయి అడుగుదం."

మామయ్య కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "బ్యాంకుకు వద్దక్కా" అన్నాడు. ఫోనులో షేర్ల ఆటలో దిగాడట. పోయినవి రాబట్టుకుందామని బీమా పైసలు, పీఎఫ్ పైసలు, దొరికినవన్నీ అందులోనే పోశాడట. "మళ్ల పెడ్దమనుకున్న. ఒట్టు అక్కా, మళ్ల పెడ్దమనే అనుకున్న" అని ఏడ్చాడు. పెద్దమ్మ ఏడవలేదు. "నాకు చెప్పకపోతివిరా. అడిగితే ఇయ్యనా?" అంది. అంతకంటే పెద్ద మాట ఆమె నోటినుంచి రాలేదు.

తర్వాత చర్చి పెద్దలు ఇంటికొచ్చారు. అతని బిడ్డ అత్తవారింట్లో ఉంది, పరువు పోతుంది, పోలీసుల దాకా వద్దు, క్షమించమన్నారు. పెద్దమ్మ అందరికీ టీ ఇచ్చింది. "నాది నేను ఆరోజే ఇడిచిపెట్టిన అయ్యగారూ. మేస్త్రి కాలు ఎట్ల ఇడిచిపెట్టాలె? అది నాది కాదు గదా" అంది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషనుకు పోయి కేసు పెట్టింది. ఫిర్యాదు రాసుకునే పోలీసు, అతను మీకేమవుతాడని అడిగితే, కొంచెం ఆగి, "తమ్ముడనే రాయి" అంది.

డిపో మూతపడలేదు. ఖమ్మం నుంచి ఒక ఆడిటరును పిలిపించి, మళ్లీ మోసం జరగకుండా ఏం చెయ్యాలో చిన్నపిల్లలా అడిగి నేర్చుకుంది. డబ్బు పంపే మనిషి, లెక్క రాసే మనిషి ఒకరే కాకూడదన్నాడాయన. లెక్కలవాళ్లకు ఏడాదికోసారి తప్పనిసరిగా సెలవివ్వాలి, ఆ రోజుల్లో ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవాలి అన్నాడు. అది విన్నప్పుడు పెద్దమ్మ నా వైపు చూసింది. మఫ్లరు చుట్టుకున్న మామయ్య ఇద్దరికీ గుర్తొచ్చాడు. బీమా రసీదును మాత్రం కాటా గది గోడకు అంటించింది. మేస్త్రిని అదే గదిలో కూర్చోబెట్టి, రసీదు ఎవరడిగినా చదివి వినిపించే పని అతనికే అప్పజెప్పింది. ఆ తర్వాత ఆ డిపోలో ఒక్క పైసా తేడా రాలేదు.

కాని ఆమె ఇంకెవరినీ తమ్మీ అనలేదు. కొత్తగా వచ్చిన అకౌంటెంటును "సార్" అనేది, కొడుకు వయసువాడిని. కాటా దగ్గర్నుంచి అంకెలు అరవడం ఆగిపోయింది. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, దేనికొచ్చిందో నాతో చదివించుకుని, లోపలికి పోయి మెల్లగా చెప్పేది. చర్చిలో ఢోలక్ ఇంకొకరికిచ్చారు. పెద్దమ్మ పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది, పెదవులు కదిలేవి, గొంతు వినిపించేది కాదు.

మామయ్య బెయిలు మీద బయటికొచ్చి పాల్వంచలో ఎక్కడో కిరాయింట్లో ఉంటున్నాడని విన్నాం. కేసు వాయిదాల మీద నడుస్తూనే ఉంది. ఒకసారి కోర్టు వరండాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. అతను తల దించుకున్నాడు. పెద్దమ్మ ఏదో అడగబోయినట్టు నిలబడింది, ఇంతలో వకీలు పిలిచాడు.

తీర్పు రాకముందే అతను పోయాడు. కామెర్లు ముదిరాయట. కబురు తెలిసి పెద్దమ్మ, నేను పోయాం. నలుగురైదుగురికంటే లేరు. పెద్దమ్మ శవపెట్టె దగ్గర నిలబడి అతని జుట్టు సవరించింది. మామయ్య భార్య ఆమె చెయ్యి పట్టుకుని, "ఆఖరికి నిన్ను సూడాలని ఒకటే అడిగిండు వదినె" అంది.

"కబురు పెట్టకపోతివా?"

"పెడ్తనంటే వద్దన్నడు. పిలిచినా రాదు, ఆమెను ఇబ్బంది పెట్టకు అన్నడు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సారపాక ఇంకా చాలా దూరంలో ఉండగా, నాతో కాదు, ఎవరితోనో చెప్పినట్టు, "పిలిస్తే పోయేదాన్ని" అంది.

కోర్టు ఆ కేసును ఎన్నిసార్లు వాయిదా వేసిందో నాకు గుర్తు లేదు. ఆ వాయిదాల మధ్య, ఒక్క మాట మాట్లాడుకోవడానికి ఇంకా టైముందిలే అని వాళ్లిద్దరూ అనుకుంటూ ఉండిపోయారు, అంతే.