అంచు పక్కన సందు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా చిన్నమ్మ కూతురు నాకొక ఫోటో పంపింది. వనపర్తిలో నేను చదివిన డిగ్రీ కళాశాలలోనే ఇప్పుడు ఆ పిల్ల చదువుతున్నది. ఆరేళ్ల కిందట నన్ను ఇంటర్న్‌షిప్‌కు పంపిన చోటికే ఈ వేసవిలో తననూ పంపారు. ఫోటోలో ఒక గుంటమగ్గం, దాని మీద సగం నేసిన చీర, చీర ఎడమ వైపున పట్టు అంచుకూ నూలు బట్టకూ నడుమ బియ్యపు గింజంత సందు. చూడడానికి వచ్చినవాళ్లు ఈ సందు ఏమిటని అడుగుతున్నారనీ, దీనికి నేతలో ఏదో పేరు ఉండే ఉంటుందనీ, నువ్వు అక్కడ పనిచేసినదానివి గదా, చెప్పక్కా అనీ కింద రాసింది. నాలుగు రోజులు జవాబు ఇవ్వలేకపోయాను. మాటకు మాట అప్పటికప్పుడు అందించగలనని పేరుపడ్డ మనిషిని, ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఫోటోనే మళ్లీ మళ్లీ పెద్దది చేసి చూసుకున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మేము డిగ్రీలో చేరిన నాటికి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నారు గానీ అది ఎక్కడ చేయాలో, ఎందుకు చేయాలో మాకు గానీ మా అధ్యాపకులకు గానీ సరిగా తెలియదు. చాలామంది కంప్యూటర్ సెంటర్లకు పోయి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. చరిత్ర తీసుకున్న మమ్మల్ని నలుగురిని మాత్రం ఊరి శివారులోని పాత గడికి, అంటే దొరల కోటకు, పంపారు. సంస్థానాల కాలం నాటి ఆ గడిని కొందరు పెద్దలు కమిటీగా ఏర్పడి మ్యూజియంగా మార్చారు. అది వస్తువులను అద్దాల వెనుక పెట్టే మ్యూజియం కాదు. వెనుకటి మనుషులు ఎలా బతికారో మనుషుల చేతనే చేయించి చూపే చోటు. ఒక పక్క కుమ్మరి సారె, ఒక పక్క రోలు, వేపచెట్టు కింద వెదురు బుట్టలల్లే చెంచు అవ్వ, మూలగదిలో గుంటమగ్గం మీద మగ్గం తాత. ప్రతి పనికీ ముందు ఒక తాడు కట్టి ఉండేది. తాడుకు ఇవతల సందర్శకులు, అవతల వాళ్లు, నడుమ వివరణ కాగితం పట్టుకుని మేము.

ఆ కాగితాన్ని నేను ఈనాటికీ మరిచిపోలేదు. అందులోని ప్రతి వాక్యమూ ఒకే తీరున ముగిసేది: నేసేవారు, అల్లేవారు, దంచేవారు, ఉండేవారు. తిమ్మాజిపేట దగ్గర మెట్ట చేలలో పెరిగి, కళాశాలకు వచ్చాక వక్తృత్వ పోటీల్లో తర్కం నేర్చుకుని, ఏ మాటనైనా పట్టుకుని నిలదీయడమే చదువని నమ్మిన నేను ఆ కాగితాన్ని మొదటి వారమంతా చిలకలా అప్పజెప్పాను. నా కళ్ల ముందు చేస్తున్న పనిని చేసేవారని చెప్పడంలోని వింత నాకు తోచనే లేదు.

మగ్గం తాతది గద్వాల. ఇంట్లో కొడుకు కొత్త బండలు పరిపించినప్పుడు మగ్గపు గుంట పూడిపోయింది. మగ్గాన్ని ఏం చేయాలో తెలియని సమయంలో మ్యూజియం వాళ్లు అడిగితే ఇచ్చి, మగ్గంతో పాటు తానూ వచ్చాడు. మగ్గం మ్యూజియందని కాగితం మీద వేలిముద్ర వేశాడు గానీ, దాని ముందు కూర్చునే చోటు తనదేనని ఆయన నమ్మకం. ఆయనకు మిగిలింది ఆ ఒక్క చోటే. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. నూలు పోగూ పట్టు పోగూ ప్రతి వరుసలోనూ ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటేనే అంచు చీరకు అతుకుతుంది. అందుకు ఎడమ అంచు దగ్గర రెండో మనిషి కూర్చుని, పోగును మోసుకొచ్చే నాడెను అందుకుని తిరిగి విసరాలి. నలభై ఏళ్లు ఆ పక్కన కూర్చున్న ఆయన భార్య పోయింది. వివరణ చెప్పడానికి వచ్చిన నన్ను మూడో రోజే తాడు దాటించి ఆ చోట కూర్చోబెట్టాడు.

ఒక ఉదయం బడిపిల్లలు వచ్చారు. నాడె అందుకుంటూనే నేను కాగితంలోని మాటలు గట్టిగా చెబుతున్నాను: గద్వాల నేతగాళ్లు పూర్వం ఇలా నేసేవారు. తాత చేతులు ఆగిపోయాయి.

"నేసేవారా? మరి గీడ కూసున్నది ఎవరు బిడ్డా? నేనేమన్న సచ్చిన్నా?"

వేపచెట్టు కింద నుంచి అవ్వ అందుకుంది: "నువ్వన్న నయం! నన్నయితే అడివిల ఉండేవారు అంటది. నిన్న బల్మూరు బస్సుల నిలబడి వచ్చిన, కాళ్లు ఇంక గుంజుతున్నయ్. గా ముచ్చట గూడ రాస్కొమ్మను."

పిల్లలు పకపకా నవ్వారు, నేనూ నవ్వాను, ఆ నవ్వులో రెండు మూడు వరుసలు పోగులను కలపకుండానే నాడె విసిరేశాను. జానెడు బట్ట నేసిన తరువాత గానీ ఆ సందు ఆయన కంటపడలేదు. విప్పి మళ్లీ నేద్దామని సిగ్గుతో అన్నాను. ఆయన బొటనవేలితో ఆ సందును తడిమి, తల అడ్డంగా ఊపాడు.

"ఉండనియ్యి. నా ఇంటిది, మీ అవ్వ గూడ మొదటి చీరల గిట్లనే సందు ఇడిసింది. బట్ట దించినంక నా పక్కన ఎవరు కూసున్నరో యాదికుంటది."

ఆయన వేసిన ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. మ్యూజియం నడిపే సార్ దగ్గరకు వెళ్లి, బతికి ఉన్నవాళ్లను గతించినవాళ్లుగా చెప్పడం తప్పని అన్నాను. చూడవచ్చేవాళ్లు పాతకాలం కోసమే వస్తారని ఆయన నవ్వి పంపించాడు. నాకు పంతం పెరిగింది. చివరి రోజున కమిటీ పెద్దలు మా నలుగురి మాటా వింటామన్నారు. వారం రోజులు తయారయ్యాను. వాదంలో ఎదుటివాడికి రెండే దారులు మిగల్చాలనీ, మూడో దారి వెతుక్కునే వ్యవధి ఇవ్వకూడదనీ మాకు నేర్పిన పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాను. తాడు వెనుక మనిషిని కూర్చోబెట్టి అతని బతుకును భూతకాలంలో వర్ణించడం అవమానమన్నాను. మనిషి ప్రదర్శన వస్తువు కాడన్నాను. వీళ్లను నేటి పనివాళ్లుగా గౌరవించి తాడు తీసేయండి, లేదా మనుషులను చూపించడమే మానేయండి అని ముగించాను. వాళ్లు మొదటి దారినే ఎంచుకుంటారన్న విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన లేచి, ఈ అమ్మాయి మన కళ్లు తెరిపించిందన్నాడు.

అంత తయారైనదాన్ని ఒక్క పని చేయలేదు. పదడుగుల దూరంలో మగ్గం ముందు కూర్చున్న మనిషిని, నీకేం కావాలి తాతా అని అడగలేదు. అడిగి ఉంటే, తాడు ఉంటే ఉండనీ, మగ్గం ముందు నన్ను ఉండనియ్యమను అని ఉండేవాడు.

పదిహేను రోజుల్లో నిర్ణయం వచ్చింది: విద్యార్థులు లేవనెత్తిన నైతిక అభ్యంతరాన్ని మన్నించి ఇకపై మనుషుల ప్రదర్శన ఆపివేస్తున్నాము, వారి స్థానంలో బొమ్మలు, ముందుగా రికార్డు చేసిన వివరణ ఉంటాయి. నేను పరుగున వెళ్లేసరికి అవ్వ అల్లిక కత్తిని కొంగులో చుట్టుకుని గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది. నా వైపు చూసి, "ఇగ బొమ్మనే అల్లుతదంట, జర బుట్టలు మంచిగ అల్లుమను" అంది. ఆ ఎకసెక్కెంలో కోపం ఉందో లేదో నేను ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

తాత మాత్రం మగ్గం ముందే కూర్చుని ఉన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నా తరఫున మాట్లాడినవంట గద బిడ్డా. మంచిగ మాట్లాడినవంట, అందరు సెప్తుండ్రు. జర గీ బట్ట దించేదాంక ఉండనిస్తరేమో అడుగు. సగం బట్ట మగ్గం మీద ఇడిసి నేనెన్నడు లేవలే."

అడిగాను. వేడుకున్నాను కూడా, తర్కం చెప్పగలిగిన నాకు వేడుకోవడం చేతకాలేదు. సగం నేసిన చీర మగ్గం మీద ఉంటేనే చూపరులకు అందంగా ఉంటుందనీ, మీ అభ్యంతరం మీద తీసుకున్న నిర్ణయాన్ని మీరే కాదంటే ఎలా అనీ సార్ అడిగాడు. నేను కట్టిన వాదంలో మూడో దారికి చోటు ఉంచలేదు.

ఆ మరుసటి ఏడు ఒకసారి గద్వాల పోయి ఆయన ఇల్లు వెతుక్కున్నాను. వీధిలో నీళ్ల పైపుల కోసం కాలువ తవ్వి మన్ను పక్కన పోసి ఉంది. తాత ఆ కాలువ అంచున, కాళ్లు లోపలికి వేలాడేసుకుని కూర్చున్నాడు. మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి బతుకంతా గడిపిన మోకాళ్లకు చాప మీద కూర్చోవడం చేతకాదట. ఈ కాలువ పూడ్చే దాకా తనకు సుఖమేనని నవ్వాడు. కాస్త జరిగి తన ఎడమ పక్కన నాకు చోటిచ్చాడు. చాలాసేపు కూర్చున్నాం. చీర మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాలువ పూడ్చారు. ఆ చలికాలం దాటకముందే తాత పోయాడని చాలా రోజులకు తెలిసింది.

ఇన్నాళ్ల తరువాత ఆ సందు మళ్లీ నా ముందుకు వచ్చింది. నాలుగో రోజున మా చిన్నమ్మ కూతురికి ఉన్నదున్నట్టు రాశాను: దానికి పేరు లేదు, అది నేత కాదు, నవ్వుతూ నేను చేసిన తప్పు, నా పేరు రాయకపోయినా ఫరవాలేదు, ఆయన పక్కన ఒకరు కూర్చునేవారని మాత్రం చెప్పు. రాసిన తరువాత చూసుకున్నాను: నేను కూడా కూర్చునేవారు అనే రాశాను. ఆ కాగితంలో ఆనాడు నేను పట్టిన తప్పు ఇప్పుడు తప్పు కాదు. కాలమే వ్యాకరణాన్ని సరిచేసింది. నేను చేసిందల్లా అది కాస్త త్వరగా జరిగేట్టు చూడడం.

ఆ పిల్ల జవాబు సాయంత్రానికి వచ్చింది. అయ్యో అక్కా, బోర్డు నిన్ననే రాయించేశారు, ఇప్పుడు మార్చరంట అని, బోర్డు ఫోటో కూడా పెట్టింది. తెల్లని రేకు మీద చక్కని గుండ్రటి అక్షరాలు: పూర్వపు నేతగాళ్లు గాలి ఆడడానికి అంచు పక్కన ఇలా సందు వదిలేవారు.

మళ్లీ మళ్లీ చదివాను. ఎక్కడా అక్షరదోషం లేదు. తాత చనిపోయాడు గనుక వదిలేవారు అన్న ఆ ముగింపును భరించవచ్చు. ఆ సందు వదిలిన మనిషిని మాత్రం నేను, ఇక్కడ, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నాను. మరి గీడ కూసున్నది ఎవరు బిడ్డా అని అడగాలనిపించింది. అడగడానికి ఆ మూలగదిలో ఇప్పుడు బొమ్మ తప్ప ఎవరూ లేరు.